లాజవాబ్

మా ఇంటి ముందు హాల్లో రోజూ అసర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య ఒక గంట ఇంగ్లీషు క్లాసు నడుస్తుంది. క్లాసు అంటే ఏదేదో ఊహించుకోకండి. ఒక పెద్ద చాప, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి టీవీ, దాని కింద ఒక పాత డీవీడీ ప్లేయర్. షాగిర్దులు ఏడుగురు. అందరూ మా కర్నూలు పాతబస్తీ ఆడవాళ్లే. ఇంటి పని ముగించుకుని, చేతులు తుడుచుకుంటూ వస్తారు. ఒక్కోసారి చేతికి పిండి అట్లాగే ఉంటుంది.

ఎదురింటి భాభీ ఉంది. మియా దమ్మామ్‌లో ఉంటాడు. పిల్లల బడి నుంచి ఇంగ్లీషులో వచ్చే మెసేజీలన్నీ ఆయనకి పంపిస్తుంది. ఆయన డ్యూటీ దిగి, చదివి, ఫోన్ చేసి చెబితే గానీ రేపు బడి ఉందో లేదో ఈమెకి తెలియదు. సముద్రం అవతలికి పోయి వస్తుంది పక్క వీధి ఖబరు! ఇంటర్ చదివి ఆపేసిన ఒక పిల్ల ఉంది, చదువులో తేజ్, నోట్లోంచి మాత్రం మాట రాదు. కోడలి మీద నిఘా వేయడానికి వచ్చి, ఆ కోడలు మానేసినా తాను మాత్రం మానని ఖాలా ఉంది. ఇంకా మిషన్ ఆపా ఉంది. ఈ రాత ఆమె గురించే. బట్టలు కుట్టే మిషన్ ఉంది కాబట్టి ఆ పేరు. వయసులో నాకన్నా చిన్నదే, కానీ మొహల్లా అంతా ఆపా ఆపా అని పిలిచి పిలిచి నాకూ అదే నోటికొచ్చింది. నన్ను వాళ్లందరూ టీచరాపా అంటారు.

నేను ఇరవై రెండేళ్లు ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పాను. నిజం చెప్పాలంటే ఇంగ్లీషు చెప్పలేదు, ఇంగ్లీషు గురించి చెప్పాను. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చడం, డైరెక్టుని ఇన్‌డైరెక్ట్ చేయడం. పిల్లలు టకటకా మార్చేవాళ్లు, నూటికి తొంభై తెచ్చుకునేవాళ్లు, ఆ తర్వాత బస్టాండులో ఎవరైనా ఇంగ్లీషులో దారి అడిగితే నా వెనక దాక్కునేవాళ్లు. నా రెన్ అండ్ మార్టిన్ పుస్తకం 2009 అక్టోబర్ వరదలో తడిసి ఉబ్బి, ఎండబెడితే అప్పడంలా విరిగిపోయింది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పుస్తకం పోవడంలో కొంత మేలు కూడా ఉందేమో అనిపిస్తుంది.

ఈ ఆడవాళ్లకి కూడా మొదటి నెల ఆ పాత పద్ధతిలోనే చెప్పాను. పదకొండు మంది వచ్చేవాళ్లు ఏడుగురయ్యారు. మిషన్ ఆపా కూడా ఒకరోజు, "టీచరాపా, పండగ గిరాకీ ఉంది, ఇంక రాలేనేమో" అంది. పండగ ఇంకా రెండు నెలలుంది. అది బహానా అని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వారమే మా తమ్ముడి పిల్లలు సెలవులకి వచ్చారు. వాళ్ల సంచీలో ఒక డీవీడీ. ది ఇన్‌క్రెడిబుల్స్. పిక్సర్ వాళ్లు 2004లో తీసిన బొమ్మల సినిమా. బ్రాడ్ బర్డ్ అనే ఆయన రాసి, డైరెక్ట్ చేశాడు. ఒకప్పుడు జనాన్ని కాపాడిన శక్తిమంతులంతా కోర్టు కేసుల వల్ల ముసుగులు తీసేసి, మామూలు మనుషుల్లా దాక్కుని బతుకుతుంటారు. అట్లాంటి ఒక ఖాందాన్ కథ. నాయన బాబ్, అమ్మ హెలెన్, కూతురు వయొలెట్, కొడుకు డాష్, చంటిపిల్లవాడు జాక్‌జాక్. పిల్లలు చూస్తుంటే నేను వంటింట్లోంచి ఒక చెవి వేసి విన్నాను. చిత్రంగా అనిపించింది. ఎగరడాలూ పేలడాలూ ఉన్నాయి గానీ, వాటి మధ్య ఉన్న మాటలన్నీ ఇంటి మాటలు. అన్నం తిను, తమ్ముణ్ని ఏడిపించకు, ఆఫీసులో ఏమైంది, ఇంత రాత్రి దాకా ఎక్కడికి పోయావు. మాకు కావలసిన ఇంగ్లీషు ఇదే కదా! షేక్స్‌పియర్ దొర ఇంగ్లీషు మాకెందుకు?

మరుసటి రోజు క్లాసులో టీవీ పెట్టాను. ఖాలా అడ్డుపడింది. "కైకు మా ఇంగ్లీష్ మే? హిందీ మే షారుఖ్ హై నా?" అంది. ఖాలాకి అన్నీ తెలుసు. నిజంగానే ఉంది. హిందీలో దాని పేరు హమ్ హై లాజవాబ్. బాబ్‌కి షారుఖ్ ఖాన్ గొంతు ఇచ్చాడు, డాష్‌కి ఆయన కొడుకు ఆర్యన్. ఇన్‌క్రెడిబుల్‌కి ఎవరో మంచి తర్జుమా చేశారు, లాజవాబ్ అని. అంత గొప్పది, దానికి జవాబే లేదు అని. ఆ రోజు క్లాసు అంతా ఈ ఒక్క లఫ్జ్ మీదే గడిచిపోయింది. బోర్డు మీద క్రెడిట్ అని రాశాను. అందరికీ తెలుసు. క్రెడిట్ కార్డు. కిరాణా కొట్టులో ఉధార్. ఉధార్ ఎందుకిస్తాడు? ఎతెబార్ ఉంటే ఇస్తాడు. క్రెడిబుల్ అంటే ఎతెబార్ చేయదగ్గది. ముందర ఇన్ పెడితే, నమ్మలేనంతది. ఇరవై రెండేళ్లలో ప్రిఫిక్స్ అనే పాఠం ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఖాలా మాత్రం ఇంటికి పోతూ పోతూ కిరాణా కొట్టు ముందు ఆగి, "యువర్ రేట్ ఇన్‌క్రెడిబుల్" అందట. ఆయన మెచ్చుకుందనుకుని నవ్వాడట.

సినిమాని నేను మొదటినుంచీ వరసగా చూపించలేదు. ఇలా పాఠం చెప్పాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నా. మొత్తం ఒక్కసారి పెడితే అందరూ సినిమా చూస్తారు, ఇంగ్లీషు ఎవరూ వినరు. రోజుకి మూడు నాలుగు నిమిషాల ముక్క, అంతే. మొదట గొంతు తీసేసి బొమ్మ మాత్రం. ఏం జరుగుతోంది, వీళ్లు ఏమనుకుంటున్నారు అని వాళ్ల మాటల్లోనే చెప్పించాలి, ఉర్దూ అయినా సరే, తెలుగు అయినా సరే. తర్వాత గొంతుతో. ఆ తర్వాత కింద ఇంగ్లీషు అక్షరాలతో. హిందీ అక్షరాలు పెట్టొద్దు, కళ్లు అక్కడికే పోతాయి, చెవులు మూసుకుంటాయి. చివరిగా ఒక్కో మాట దగ్గర ఆపి, అదే తీరులో, అదే కోపంతో, అదే వేగంతో అనిపించాలి. అందరూ ఒకేసారి మాట్లాడే ముక్కల జోలికి పోవద్దు. ఆ ఇంట్లో అన్నం తినే సీను ఉంది, పిల్లలు కొట్టుకుంటారు, అమ్మ చేతులు సాగదీసి వాళ్లని పట్టుకుంటుంది, నాయన ఎక్కడో ఆలోచిస్తుంటాడు. నాకు చాలా ఇష్టం. కానీ క్లాసులో పెడితే ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. భాభీ మాత్రం, "మా ఇల్లే కదా ఇది, ఆయన లేడంతే" అంది.

మొదటి పాఠం కెన్, కాంట్. ఎవరు ఏం చేయగలరు. నాయన బలవంతుడు, రైలు ఆపగలడు. అమ్మ సాగగలదు. కూతురు కనబడకుండా పోగలదు. కొడుకు పరుగెత్తగలడు. ఈ శక్తులని ఊరికే పెట్టలేదు, ఇంట్లో వాళ్లకుండే పాత్రల నుంచే తీసుకున్నానని ఆ డైరెక్టరే చెప్పాడు. నాయన అంటే గట్టిగా ఉండాలని లోకం అనుకుంటుంది, అమ్మని పది వైపులా లాగుతారు, ఎదిగే పిల్ల ఎవరికీ కనబడకూడదు అనుకుంటుంది. ఈ సంగతి చెప్పగానే చాప మీద ఒక నిమిషం ఖామోషీ. తర్వాత మొదలుపెట్టారు. ఐ కెన్ మేక్ ట్వంటీ రోటీ ఇన్ టెన్ మినిట్స్. ఐ కెన్ కుక్ అండ్ టాక్ ఇన్ ఫోన్ అండ్ స్లాప్ చైల్డ్. ఖాలా లేచి నిలబడి, "ఐ కెన్ సీ డాటరిన్లా ఫ్రమ్ బ్యాక్ సైడ్" అంది. మాట రాని పిల్ల మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఇక మిషన్ ఆపాని ఎట్లా నిలబెట్టుకోవాలి? ఆ సినిమాలో ఎడ్నా అని ఒక దర్జీ ఉంటుంది. నడుమెత్తు మనిషి, గుండ్రటి కళ్లద్దాలు, నోరు తెరిస్తే తుపాకీ. ఆమెకి గొంతు ఇచ్చింది కూడా ఆ డైరెక్టరే, మగవాడు! బాబ్ తన పాత బట్టలు బాగుచేయించుకోవడానికి వెళ్లి, కొత్త సూటుకి వీపు వెనక ఎగిరే కేప్ కావాలంటాడు. ఆమె ఒప్పుకోదు. కేప్ వల్ల ఎవరెవరు ఎట్లా చచ్చారో పేర్లతో సహా ఒప్పజెబుతుంది. ఒకడిది క్షిపణికి చిక్కుకుంది, ఇంకొకడిది లిఫ్టులో ఇరుక్కుంది, ఒకామె విమానం ఇంజన్‌లోకే పోయింది.

మిషన్ ఆపా ఆ ముక్క చూసి చాప మీదనుంచి లేచి టీవీ దగ్గరికి వచ్చేసింది. "సచ్ బోలీ!" అంది. "నేను అందరికీ మొత్తుకుంటా, బండి మీద పోయేవాళ్లు దుపట్టా అంత పొడుగు వద్దు, బుర్ఖా కింద అంత ఘేర్ వద్దు, చక్రంలో పడుతుంది అని. ఎవరు వింటారు?" ఆ రోజు పాస్ట్ టెన్స్ ఆమె వల్లే నడిచింది. దుపట్టా కాట్ ఇన్ వీల్. షీ ఫెల్. హ్యాండ్ బ్రోక్. మొహల్లాలో జరిగిన యాక్సిడెంట్లన్నీ ఎడ్నా గొంతుతో ఇంగ్లీషులో వచ్చాయి. పండగ గిరాకీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా గలతీ చెప్పాలి.

మిషన్ ఆపా బేవా. మియా లారీ డ్రైవరు. రాత్రిపూట ఆగి ఉన్న ట్రాలీని గుద్దుకుని చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఒక కంపెనీలో ఐదు లక్షలకి జీవిత బీమా కట్టాడు, పోయేనాటికి రెండేళ్లు నిండాయి. ఇద్దత్ ముగిశాక ఈమె కాగితాలు ఇచ్చింది. కొన్ని నెలలకి కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఖత్ వచ్చింది. నా క్లాసులో చేరడానికి చాలా ముందు, ఒక మధ్యాహ్నం ఆ ఖత్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పొయ్యి మీద ఏదో పెట్టి ఉన్నాను. గుమ్మంలోనే నిలబెట్టి, కాగితం మీద కళ్లు పరుగెత్తించాను. రెపుడియేటెడ్ అని ఉంది. ముఖ్యమైన సంగతి దాచారు అని ఉంది. షుగర్ ఉందన్న విషయం ఫారంలో చెప్పలేదు, అందుకని పాలసీ డబ్బులు ఇవ్వం, కట్టిన ప్రీమియం మాత్రం వెనక్కిస్తాం అని ఉంది.

"పోయింది ఆపా. ఇవ్వరంట" అన్నాను. కాగితం మడిచి చేతిలో పెట్టాను. ఆమె షుక్రియా చెప్పి వెళ్లిపోయింది.

అంతే జరిగింది. నేను అబద్ధం చెప్పలేదు. కాగితంలో ఉన్నదే చెప్పాను. పైగా జాలిపడ్డాను కూడా.

ఎడ్నా పాఠం అయిన పదిహేను రోజులకి బాబ్ ఆఫీసు ముక్క పెట్టాను. శక్తులన్నీ దాచుకుని ఆయన చేసే నౌకరీ ఏంటంటే, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా. ఆ భారీ మనిషి చిన్న గదిలో, చిన్న బల్ల వెనక ఇరుక్కుని కూర్చుంటాడు. ఎదురుగా ఒక ముసలామె. ఆమె క్లెయిమ్ కొట్టేశారు. ఏడుస్తోంది. నేను ఆ ముక్క ఎందుకు ఎంచుకున్నానంటే, అందులో కాంట్ అనే మాట పదే పదే వస్తుంది. మీకు సాయం చేయాలని ఉంది కానీ చేయలేను అంటాడు బాబ్. మీ పాలసీ నకలు తీసుకుని మూడో అంతస్తులో ఫలానా ఆమె దగ్గరికి పొమ్మని చెప్పాలని ఉంది కానీ చెప్పలేను అంటాడు. ఫలానా నంబరు ఫారం నింపమని సలహా కూడా ఇవ్వను అంటాడు. చెప్పలేను చెప్పలేను అంటూనే మొత్తం చెప్పేస్తాడు. ముసలామె ముందు ఆశ్చర్యపోయి, తర్వాత గబగబా రాసుకుంటుంది. ఆ తర్వాత బయటివాళ్లకి వినబడేట్టు గట్టిగా, క్షమించండమ్మా, మీకు బాధగా ఉందని తెలుసు అని అరుస్తాడు, బాధపడుతున్నట్టు నటించమని ఆమెకి గుసగుసగా చెబుతాడు.

నేను మామూలుగా ఆపి అడిగాను. "ఇక్కడ కాంట్ అంటే ఏంటి?"

మాట రాని పిల్ల చెప్పింది. "కెన్."

అందరూ నవ్వారు. నేను శభాష్ అన్నాను. మిషన్ ఆపా నవ్వలేదు. టీవీలో ఆగిపోయిన ముసలామె ముఖం వైపు చూస్తోంది. మెల్లగా అడిగింది.

"టీచరాపా, మాకు కూడా మూడో అంతస్తు ఉంటుందా?"

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చెప్పాలో తోచలేదు. నా దగ్గర జవాబ్ లేదు. ఆమె కాగితం పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డ రోజు కళ్లముందు కనబడింది. కంపెనీ గుమాస్తాకి జీతం ఇస్తారు లేదు అని చెప్పడానికి. నాకెవరు ఇచ్చారు? ఇంగ్లీషు వచ్చు అనే గురూర్ తప్ప నా దగ్గర ఏముంది ఆ రోజు? ఆ కాగితం రెండో పేజీ నేను తిప్పనేలేదు.

"రేపు ఆ ఖత్ తీసుకురా ఆపా" అన్నాను.

రెండో పేజీలో ఉంది. ఈ నిర్ణయం నచ్చకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసుకోవచ్చు, అక్కడా కాకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు అని చిన్న అక్షరాల్లో. మాట రాని పిల్ల అక్కడే కూర్చుని ఫోన్‌లో వెతికి చదివి వినిపించింది. ఆంధ్రకీ తెలంగాణకీ కలిపి ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, లక్డీకాపూల్ దగ్గర. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. ముందు కంపెనీకి రాయాలి. నెలలో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాది లోపల అంబుడ్స్‌మన్‌కి అర్జీ పెట్టాలి. ఖత్ మీద తారీఖు చూశాను. ఎనిమిది నెలలు. నా గుమ్మం ముందు నుంచి వెనక్కి పోయి, ఆ కాగితం ఎనిమిది నెలలు సందూఖ్‌లో పిల్లల బర్త్ సర్టిఫికెట్ల కింద పడుంది.

అర్జీ నేను రాసిస్తానన్నాను. తప్పు కడుక్కోవాలనే తొందర. మిషన్ ఆపా ఒప్పుకోలేదు. "నక్కో టీచరాపా. మీరు రాస్తే అది మీ ఖత్ అవుతుంది. నేను రాస్తా. మీరు తప్పులు చూడండి" అంది. ఇంకో మాట కూడా అంది, అది నాకు గుచ్చుకుంది. "ఈసారి నిదానంగా చూడండి."

మూడు రోజుల తర్వాత నోటుబుక్కులో రాసి తెచ్చింది. బట్టల కొలతలు రాసుకునే పుస్తకం అది. ఒకవైపు ఎవరిదో ఛాతీ కొలత, భుజం కొలత. ఇంకోవైపు అర్జీ. మై హస్బెండ్ ఈజ్ లారీ డ్రైవర్. మై హస్బెండ్ కెన్ డ్రైవ్ లారీ డే నైట్. మై హస్బెండ్ కెన్ స్పీక్ ఉర్దూ, తెలుగు. మై హస్బెండ్ కెన్ సైన్ ఉర్దూ. మై హస్బెండ్ కెనాట్ రీడ్ ఇంగ్లీష్ ఫారం. ఏజెంట్ కెన్ రీడ్. ఏజెంట్ రైట్ ఆల్.

నేను నేర్పిన పాఠమే. ఒక్కో లైనూ ఒక్కో కుట్టులా ఉంది. ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, ఎంతసేపటికీ చేయి కదలలేదు.

"ఆపా, ఇక్కడ కెన్ కాదు."

"కైకు? చేయగలడు అంటే కెన్ అని మీరే చెప్పారు కదా?"

"అది ఇప్పటి సంగతికి. ఇది అప్పటి సంగతి కదా... కుడ్ అనాలి."

ఆమె పుస్తకం వైపు చూసింది. "లారీ నడపడానికి కూడానా?"

"కూడా."

"పిల్లలకి జడలు బాగా వేసేవాడు. రాయలేదు అది. రాస్తే దానికీ కుడేనా?"

"దానికీ అదే ఆపా."

నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఒక్కో కెన్ కొట్టేసి పైన కుడ్ అని రాసుకుంటూ పోయింది. స్పెల్లింగ్‌లో ఎల్ ఎందుకుంది, పలకం కదా అని అడిగింది. నాకూ తెలియదు అన్నాను. వంటింట్లోకి పోయి చాయ్ పెట్టాను, చాలాసేపు మరగనిచ్చాను.

ఆ అర్జీలో అసలు బలం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. అది నేను పట్టుకున్నది కాదు. పాలసీ బాండుతో పాటు ఆయన సంతకం చేసిన ఫారం నకలు కూడా ఉంది. మిషన్ ఆపా దాన్ని రోజుకో పేజీ చొప్పున, పిల్లల డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. చివరి పేజీలో ఒక డబ్బా ఉంటుంది. ఫారం నింపిన భాష రానివాళ్లు వేరే భాషలో దస్తఖత్ పెడితే, అందులో ఉన్నదంతా ఇతనికి ఇతని జుబాన్‌లో వివరించి చెప్పాను అని ఇంకొకరు రాసి సంతకం చేయాల్సిన చోటు అది. పైన ఆయన ఉర్దూ దస్తఖత్ ఉంది. కింద ఆ డబ్బా ఖాళీ. తెల్లగా ఉంది.

"చూడండి, గుండీ కుట్టకుండా వదిలేశారు" అంది.

షుగర్ సంగతి మాత్రం నిజమే. ఆయనకి షుగర్ ఉండేది, గోళీలు వేసుకునేవాడు. దాన్ని దాచొద్దని నేను చెప్పాను, ఆమె అసలు దాచే ఉద్దేశంలోనే లేదు. మా మధ్య ఒక రోజంతా బహస్ జరిగింది దీని మీద. సినిమాలో వాళ్లందరూ ఉన్నది దాచుకునే బతుకుతారు కదా అని భాభీ అంది. ఖాలా కసురుకుంది, అది సినిమా అని. చివరికి మిషన్ ఆపా రాసింది ఇది: అవును, షుగర్ ఉంది. ఏజెంటు అడిగితే చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. ఆయన లారీ ట్రాలీని గుద్దింది, షుగర్ గుద్దలేదు. ఆఖరి వాక్యం ఇంగ్లీషులో అంత బాగా లేదు. నేను మార్చబోయి ఆగిపోయాను. ట్రాలీ కిల్, నాట్ షుగర్. ఒక్క ఈడీ మాత్రం తగిలించాను.

కంపెనీ మూడు వారాల్లో జవాబిచ్చింది, పాత మాటే కొత్త కాగితం మీద. ఈసారి ఆ ఖత్ ఆమె నా దగ్గరికి తేలేదు. తనే చదువుకుని వచ్చి, "సేమ్ రెపుడియేట్" అని చెప్పింది. అంబుడ్స్‌మన్‌కి రిజిస్టర్ పోస్టు చేశాం. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర రసీదు తీసుకుని దానిమీద తారీఖు చదివింది, నా పేరు సరిగ్గా రాయలేదని అక్కడ గుమాస్తాతో దిద్దించింది.

చాలా నెలల ఇంతెజార్ తర్వాత పోయిన నెల విచారణ పెట్టారు. హైదరాబాద్ పోనక్కర్లేదు, వీడియోలో. మా హాల్లోనే. టీవీ కింద స్టూలు, దాని మీద ఫోను, అది పడకుండా వెనక మా బియ్యం డబ్బా. మిగతా ఆరుగురూ వంటింట్లో తలుపు వెనక. ఖాలా చేతిలో తస్‌బీహ్. రెండు నెలలుగా మిషన్ ఆపా ఈ రోజు కోసమే తయారవుతోంది. నేను అధికారి, మాట రాని పిల్ల కంపెనీ మనిషి. ఆ పిల్ల కంపెనీ మనిషిగా ఎంత కఠినంగా ప్రశ్నలు వేసేదంటే మిషన్ ఆపాకి నిజంగానే కోపం వచ్చేది. ఐ విష్ టు సే. ప్లీజ్ సీ పేజ్ సెవెన్. దిస్ ప్లేస్ ఈజ్ ఎంప్టీ. వంద సార్లు అని ఉంటుంది, మిషన్ తొక్కుతూ కూడా.

స్క్రీన్ మీద పెద్దాయన ఒకరు వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, కాగితాలు చూసి, తెలుగులో, "అమ్మా, మీకు ఏ భాష సౌకర్యంగా ఉంటే అందులో చెప్పండి. ఉర్దూ అయినా పర్వాలేదు, నాకు వచ్చు" అన్నారు.

రెండు నెలల కష్టం! తలుపు వెనక ఖాలా గట్టిగా నిట్టూర్చడం ఫోన్‌లోకి కూడా వినబడి ఉంటుంది.

మిషన్ ఆపా ఒక క్షణం ఆగింది. "థాంక్యూ సర్. ఫస్ట్ ఐ విల్ సే ఇన్ ఇంగ్లీష్" అంది. పేజ్ సెవెన్ గురించి నాలుగు వాక్యాలు చెప్పింది. మూడోదాంట్లో ఈజ్ బదులు వాజ్ అంది. అది ఈజే, కాగితం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఎవరూ దిద్దలేదు. తర్వాత ఉర్దూలోకి వచ్చి ఆయన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. దస్తఖత్ ఎట్లా నేర్చుకున్నాడో, ఏజెంటు ఎక్కడ, ఎంత తొందరలో సంతకాలు తీసుకున్నాడో. కంపెనీ తరఫు కుర్రాడు తన వంతు వచ్చినప్పుడు షుగర్, షుగర్ అని మూడుసార్లు అన్నాడు. పెద్దాయన అతన్ని, ఏడో పేజీలో ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉంది అని అడిగారు. కుర్రాడు కాగితాలు తిరగేశాడు. చూసి చెబుతానన్నాడు.

మొత్తం ఇరవై నిమిషాలు. ఫోన్ ఆపాక మిషన్ ఆపా చెమట తుడుచుకుంటూ, "ఆ పిల్లవాడికి పాపం ఏం తెలియదు. మన పిల్లే నయం, ఎంత బాగా అడిగేది" అంది. మాట రాని పిల్ల అంబుడ్స్‌మన్ ఆఫీసుకి ఫోన్ చేసి ఫైసలా ఎన్నాళ్లకి వస్తుందో కనుక్కుంటానంది. తనంతట తానే, ఇంగ్లీషులో. చేసింది కూడా. ఖత్ ద్వారా తెలియజేస్తామన్నారట.

ఇది రాసే నాటికి ఆ ఖత్ ఇంకా రాలేదు. పోస్టుమ్యాన్ మా గల్లీలోకి పదకొండున్నరకి వస్తాడు. ఆ టైముకి మిషన్ చప్పుడు ఆగుతుంది, ఆయన దాటిపోయాక మళ్లీ మొదలవుతుంది.

సినిమా అయితే అయిపోయింది. 2018లో వచ్చిన రెండో భాగం పెట్టమంటున్నారు. అందులో అమ్మ నౌకరీకి పోతుంది, నాయన ఇంట్లో చంటిపిల్లవాడిని చూసుకోలేక అల్లాడతాడు అని చెప్పాను. భాభీ దమ్మామ్‌కి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పిందట. ఖాలా మాత్రం ఒక షరతు పెట్టింది. పెట్టే ముందు ఎడ్నా ముక్క ఇంకోసారి చూపించాలట. మిషన్ ఆపా అవును అవును అంది. ఆమె నోటుబుక్కు తెచ్చుకుంటానని ఇంటికి పోయింది.